నీవతనికేమగుదువు?



తెలుగున “అగు” అను చిన్న క్రియాపదము రెండు పెద్దపనులు చేయుచుండును. బడికి బోవు బాలుని చేరబిలిచి “నాయనా, పెద్దవాడవైన పిదప నీవేమగుదువు?” అని యడుగుదుము. పెండ్లిపందిరిలో నెరుగని మనుష్యుని జూచి ప్రక్కవానితో “ఆయన మీకేమగును?” అని యడుగుదుము. మొదటి ప్రశ్న ఉద్యోగమును గూర్చినది. రెండవది చుట్టరికమును గూర్చినది. మొదటిదానికి ప్రత్యుత్తరము సంపాదించుటకై మన పిల్లలకు ఇరువదియేండ్లు చదువు చెప్పించుచున్నాము. రెండవదానికి ప్రత్యుత్తరమును పెండ్లిపందిరి దాటి వెదకుట మాత్రము వారికి నేర్పకున్నాము. మనుష్యుని జీవితమునకు అర్థమును దిక్కును ఈ రెండవ ప్రశ్న వలననే కలుగుననియు, క్రీస్తు బోధయొక్క సారము ఇందే యున్నదనియు నాకు దోచినది. ఈ సంగతి నాకు గ్రంథపఠనము వలన గాక, నాకంటె నిరువదియేండ్లు చిన్నవాడగు నొక విద్యార్థి వలన దెలిసినది. కావున ముందుగా నాతని వృత్తాంతము విన్నవించెదను.

హైదరాబాదునకు తూర్పున మలకపేట మొదలుకొని దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి మీదుగా ఎల్. బి. నగరు వరకు బోవు రాజమార్గమును మీలో ననేకు లెరుగుదురు. విజయవాడకు బోవు పెద్దబాట యిదియే. 2018 సెప్టెంబరు 24వ తేదీ నుండి దానిపై మెట్రో రైలును నడచుచున్నది. ఆ మార్గమున కిరుప్రక్కల, ముఖ్యముగా దిల్‌సుఖ్‌నగరున, మేడమేడకును కోచింగు కేంద్రముల పలకలు వ్రేలాడుచుండును. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, పాలమూరు ప్రాంతముల గ్రామములనుండి వచ్చిన యువకులు ఇరుకు హాస్టలు గదులలో ముగ్గురు నలుగురు చొప్పున వసించి, సర్కారు కొలువుల పరీక్షలకు జదువుచుందురు. తండ్రి అమ్మిన గొర్రెయో, తల్లి కుదువబెట్టిన పుస్తెయో ప్రతివాని వెనుకను నిలిచియుండును. “నేనేమగుదును?” అను ప్రశ్నకు ఇంతటి సంత మన దేశభాగమున మరియొకటి యుండుట అరుదు.

నేను చెప్పబోవు యువకుడు నల్లగొండ జిల్లాలోని యొక పల్లెనుండి యిట్లు వచ్చినవాడే. దళిత కుటుంబమున బుట్టి, తన యింటిలో మొట్టమొదట పట్టభద్రుడైనవాడు. 2022 అక్టోబరు 16వ తేదీన జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్షను వ్రాసెను. ప్రశ్నపత్రములు ముందే వెల్లడియైన కారణమున 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దాయెను. 2023 జూన్ 11వ తేదీన అది మరల జరుగగా మరల వ్రాసెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు దానిని గూడ రద్దుచేసెను. తన దోషమేమియు లేకయే రెండేండ్ల కష్టము రెండుమారులు వ్యర్థమైపోయినవాని స్థితిని మీ రూహింపగలరు. ఇంటికి బోవుటకు మొగము చెల్లలేదు. ఇచట నుండుటకు చేత ధనము లేదు. “ఆ దినములలో నేను జదువుచున్నది ఎందులకో నాకే తెలియకుండెను. అద్దములో జూచుకొన్నను పరీక్షలో దప్పినవాడే కనబడుచుండెను” అని యాతడు నాతో జెప్పెను.

ఆ మేడల పై యంతస్తులలో, వారమంతయు పాఠములు జరుగు గదుల ప్రక్కనే, ఆదివారమున కొన్ని ప్రార్థనాసమాజములు కూడుచుండును. అద్దె గది, ప్లాస్టికు కుర్చీలు, ఒక డోలకు, ఒక కీబోర్డు: ఇంతకంటె నచట ఆడంబర మేమియు నుండదు. ఒక యాదివారమున నీతడు అట్టి గదిలోనికి బోయెను. ఎందులకు బోయెనో యాతడు దాచలేదు. ప్రార్థనానంతరము భోజనము పెట్టుదురని విని పోయెను.

అచట నాతని ప్రక్కన గూర్చున్నది వీధులూడ్చు పనిచేయు నొక ముసలమ్మ. ఆమె యాతని పేరు, ఊరు, తల్లిదండ్రుల క్షేమము అడిగి తెలిసికొని, ప్రార్థనలో నాతని పేరు పలికెను. మరుసటి యాదివారమున నాతని జూడగనే పేరుపెట్టి పిలిచి, “నాకు చదువు రాదు బిడ్డా, ఈ పాఠము నాకు చదివి చెప్పు” అని పుస్తకము చేతికిచ్చెను. “సారూ, రెండేండ్లలో నా చదువు నాకు దప్ప మరియొకరికి అక్కరకు వచ్చిన దినము అదియే” అని యాతడు నాతో ననెను. కొన్ని వారములకు ఆమె మనుమలకు మేడపై లెక్కలు చెప్ప మొదలుపెట్టెను. వారితో పాటు హాస్టలు వంటవాని పిల్లలును, కాపలావాని పిల్లలును వచ్చిరి. సాయంకాలమున నెదురుచూచు పిల్లలున్నారు గనుక ఉదయమున లేచుటకు నాతనికి కారణము కలిగెను. పరీక్షలకు జదువుట మానలేదు. కాని ఆ పరీక్ష యాతనికి ప్రాణముతో సమానమై యుండుట మానెను. పిదప నాతడు క్రీస్తునందు విశ్వాస ముంచి బాప్తిస్మము పొందెను.

2024 ఫిబ్రవరిలో ఆ యుద్యోగములకు క్రొత్తప్రకటన వెలువడినప్పుడు ఈ యువకుడు, నాకు బరిచితుడగు నొకని ద్వారా, న్యాయసలహాకై నా యొద్దకు వచ్చెను. దరఖాస్తులో తన కులవర్గ మేమని వ్రాయవలెను? ఆతని చేతనున్న ధ్రువపత్రము హిందూ షెడ్యూల్డు కులస్థుడని తెలుపుచున్నది. ఆతడో క్రైస్తవుడు.

ఈ చిక్కు న్యాయశాస్త్రజ్ఞులకు సుపరిచితమే గాని యితరులకై సంగ్రహముగ వివరించెదను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి, హిందూమతము గాక యన్యమతము నవలంబించువాడు షెడ్యూల్డు కులస్థుడుగ నెంచబడడు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఈ నిబంధన సడలింపబడినది. క్రైస్తవులకును మహమ్మదీయులకును సడలింపబడలేదు. 1985లో సూసై వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, క్రైస్తవమున జేరిన పిదపను కులబాధ అదే తీవ్రతతో నిలిచియున్నదని చూపుటకు తగిన యాధారములు తన యెదుట లేవని చెప్పి ఆ యుత్తరువును నిలిపెను. 2007లో రంగనాథ మిశ్రా సంఘము కులమును మతమునుండి వేరుచేసి చూడుడని సిఫారసు చేసెను. 2022లో కేంద్రప్రభుత్వము ఈ విషయమును విచారించుటకై న్యాయమూర్తి బాలకృష్ణన్ గారి యాధ్వర్యమున మరియొక సంఘమును నియమించెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ శాసనసభ దళిత క్రైస్తవులకును ఆ హోదా నొసగుమని తీర్మానించెను. తెలుగునాట నిట్టివారికి వెనుకబడిన తరగతులలో “సి” వర్గమున నూటికి 1 వంతు మాత్రము కేటాయింపు గలదు. కాబట్టి ఆ యువకుడు సత్యము వ్రాసినచో తన యవకాశమును చాలవరకు పోగొట్టుకొనును. వ్రాయనిచో నెవరును అడుగబోరు.

నేనేమి సలహా యిచ్చితినో సిగ్గుతో జెప్పుచున్నాను. “బాబూ, కాగితము కాగితమే, భక్తి భక్తియే. ఆదివారము నీ దేవునిది. దరఖాస్తు నీ తండ్రిది. ఉన్న పత్రమును జతచేసి యూరకుండుము” అంటిని. ఇది లోకజ్ఞానముగల వకీలు మాట. ఇట్లు మౌనము వహించు పేదలను నేను నిందించువాడను గాను. మతము మారినను ఊరిలో వాని బావి మారలేదు, వాని యిల్లున్న దిక్కు మారలేదు, వానిని బిలుచు పిలుపు మారలేదు. ఆ బాధ నిలిచియుండగా దాని పరిహారమును మాత్రము తొలగించు చట్టమునకును, ఆ బాధను బుట్టించిన మన కులవ్యవస్థకును జెందవలసిన నింద నిరుపేద నెత్తిపై వేయరాదు. నాకు సిగ్గు కలిగించినది వేరొకటి. సత్యముగా బ్రతుకుట కెట్టి మార్గ మున్నదని యాతడు నన్నడిగెను. సుఖముగా తప్పించుకొనుట కెట్టి మార్గ మున్నదో నేను జెప్పితిని.

ఆతడు కొంతసేపు మౌనముగ నుండి, “సారూ, నేను ఆ ముసలమ్మకు మొదట చదివి వినిపించిన పాఠములో నొక వకీలు గూడ నున్నాడు. మీరు దానిని జదివినారా?” అని యడిగెను. ఆ మాటలో వెక్కిరింత యేమియు లేదు. నేను దానిని కళాశాలలో నుండగనే చదివియుంటిని. కాని ఆ రాత్రి మరల దీసి చదివితిని.

లూకా సువార్త పదియవ యధ్యాయములోని కథ యది. ధర్మశాస్త్ర పండితు డొకడు యేసు నొద్దకు వచ్చి నిత్యజీవమునకు మార్గమేమని ప్రశ్నించెను. ఆ మార్గము శాస్త్రమందే కలదనియు, అది దైవమును పొరుగువానిని ప్రేమించుట యనియు వారి సంభాషణలోనే తేలెను. అంతట నా పండితుడు, తన పక్షమును సమర్థించుకొన గోరి, పొరుగువాడన నెవ్వడని తిరిగి ప్రశ్నించెను. వృత్తిచే నిట్టి ప్రశ్నలు వేయువాడను గావున దీని రుచి నే నెరుగుదును. ఇది నిర్వచనమును గోరు ప్రశ్న. పొరుగుతనమునకు పొలిమేర యెచ్చట? ఎవనివరకు నాకు బాధ్యత గలదు, ఎవని మొదలు లేదు? గీత గీసిన తోడనే దాని కావలి నున్నవా డెల్ల బాధ్యతనుండి తొలగిపోవును.

యేసు నిర్వచనము నొసగలేదు. ఒక దారిని జూపెను. యెరూషలేమునుండి యెరికోకు దిగిపోవు బాటలో నొక బాటసారి దొంగలచేత దెబ్బలు తిని కొనప్రాణముతో పడియుండెను. యాజకుడు చూచి ప్రక్కగా దొలగిపోయెను. లేవీయుడును అట్లే పోయెను. యూదులచే నీచముగ జూడబడు సమరయు డొకడు వచ్చి, గాయములకు తైలమును ద్రాక్షారసమును బోసి కట్టుగట్టి, తన వాహనముపై నెక్కించుకొని పూటకూటి యింటికి జేర్చి, ఖర్చునకు ధన మిచ్చి, ఇంకను కావలసినచో తిరిగివచ్చునప్పుడు చెల్లింతునని చెప్పిపోయెను. కథ ముగించి యేసు ఆ పండితుని నొక ప్రశ్న యడిగెను. ఆ ప్రశ్నలోనే సర్వమును దాగియున్నది. పడియున్నవాడు ఈ ముగ్గురికి పొరుగువాడా కాడా యని యాయన యడుగలేదు. ఈ ముగ్గురిలో నెవడు పడియున్నవానికి పొరుగువా డాయెనని యడిగెను.

చిత్తగింపుడు. పండితుని ప్రశ్న తన నడుమ నుంచుకొని లోకమును గొలుచుచున్నది: ఎవరెవరు నావారు? యేసు ప్రశ్న గాయపడినవానిని నడుమ నుంచి మనలను గొలుచుచున్నది: నీవు వానికేమగుదువు? ఇచట చుట్టరికము పుట్టుకతో వచ్చినది గాదు, ధ్రువపత్రములో వ్రాసినది గాదు. అది అగుట వలన గలుగునది. మన తెలుగు క్రియాపదము ఈ భావమునకై యెన్నడో సిద్ధము చేయబడినట్లున్నది. నేనేమగుదును అను ప్రశ్న ఒంటరిగా నిలిచినప్పుడు దానికి తుది ప్రత్యుత్తరము లేదు. గుమాస్తా యైనవాడు తహసీలుదారు కావలెననును. తహసీలుదారు కలెక్టరు కావలెననును. కలెక్టరై విశ్రాంతి గైకొన్నవాడు ఇక నేనెవ్వడనని సాయంకాలమున వరండాలో గూర్చుండి విచారించును. నేను వీరికేమగుదును అని యడిగినవానికి దిక్కు కావలెనన్న కన్నెదుటనే కలదు. ఆ ముసలమ్మకు అక్షరము కావలసియుండెను. ఆ యువకునికి అక్షరములు గలవు. అంతమాత్రమే. జీవితమునకు అర్థము దొరకుట యన్నది ఆకాశమునుండి పిడుగువలె పడునది గాదు; ఒకరి యక్కరకు మన శక్తి తగులుకొన్న చోట నది మొలచును.

ఇక మన వర్గమువారి యాక్షేపణలను విచారింతము. పేదలు అన్నముకొరకు క్రైస్తవులగుదురని మనలో ననేకు లందురు. ఈ యువకుడును అన్నమునకే పోయెనని చెప్పియున్నాను. కాని పోయిన కారణము వేరు, నిలిచిన కారణము వేరు. ఒంగోలు చరిత్రను జూడుడు. 1876-78 నాటి ఘోరక్షామమున అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో నొక భాగమును కంట్రాక్టు తీసికొని, మాదిగలు మొదలగు పేదలకు పని చూపి ప్రాణములు నిలిపెను. అన్నముకొరకు మతము పుచ్చుకొనుట జరుగరాదని, క్షామసహాయము సాగిన కాలమున సంవత్సరమునకు మించి బాప్తిస్మము లిచ్చుటయే నిలిపివేసెను. సహాయధనము ముగిసినది, ఇక నిచ్చున దేమియు లేదని చెప్పిన పిదపను జనులు తరలివచ్చిరి. 1878 జూలై 3వ తేదీన నొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సాక్ష్యమును ఏ న్యాయాధిపతి యెదుటనైనను నేను ధైర్యముగ నుంచగలను.

అంతకు బూర్వము 1866లో ఆ ప్రాంతమున బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. రాజయోగము నభ్యసించిన యన్వేషకుడు. ఆతడు వెదకినది కూడు గాదు, గురువును. క్లౌ నొద్దకు వచ్చుచుండిన యగ్రవర్ణులు మాదిగలను జేర్చుకొనవలదని కోరగా, ఆయన ఆ యగ్రవర్ణులనే వదలుకొనెను. మనలో నెందరము, సంఘసంస్కర్తల మనిపించుకొనుచు, అట్టి బేరమున కెదురైనప్పుడు పెద్దలను వదలి పేదలను నిలుపుకొందుమో మన యంతరాత్మయే చెప్పవలెను.

క్రీస్తునందు దిక్కు గనుగొన్నవా రందరు పేదలును గారు. 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున బుట్టిన పురుషోత్తమ చౌధరి 1833లో కులమును గౌరవమును విడిచి బాప్తిస్మము పొందెను. 1890లో దేహము చాలించువరకు నాతడు తెలుగున రచించిన కీర్తనలు నేటికిని మన పల్లెలలోని ప్రార్థనామందిరములలో బాడబడుచున్నవి. మన నగరమున స్థిరపడిన భక్తసింగును గూడ తలపుడు. 1903లో పంజాబున సిక్కు కుటుంబమున బుట్టి, మిషను పాఠశాలలో జదువుకొనునప్పుడు బైబిలును జించివైచి దాని తోలు అట్టను మాత్రము ఉంచుకొన్న యువకు డాతడు. యంత్రశాస్త్రము నభ్యసింప సీమకు, పిదప కెనడాకు బోయి, 1929లో విన్నిపెగు పట్టణమున క్రొత్తనిబంధనను జదివి మారిన మనస్సు గలవాడాయెను. 1933లో స్వదేశమునకు దిరిగిరాగా తలిదండ్రులు వంశగౌరవముకొరకు విశ్వాసమును గోప్యముగ నుంచుకొమ్మని ప్రాధేయపడిరి. ఆతడు దానికొడబడక, ఇల్లు చేరక, చేత నేమియు లేక వీధులలో బోధించుచు దిరిగెను. 1950లో హైదరాబాదు ముషీరాబాదు ప్రాంతమున హెబ్రోను మందిరమును స్థాపించి, 2000 సంవత్సరము సెప్టెంబరులో ఈ నగరముననే కన్నుమూసెను. ఆతని సిద్ధాంతము లన్నిటిని మన మంగీకరింపవలసిన పని లేదు. కాని ఆ తలిదండ్రులు ప్రేమతో నిచ్చిన సలహాయు, నేను వృత్తిజ్ఞానముతో నిచ్చిన సలహాయు నొక్కటియే యని తెలిసినప్పుడు నాకు గుండె ఝల్లుమన్నది.

రెండవ యాక్షేపణ మరింత న్యాయమైనది. క్రైస్తవసంఘములందును కులము చావలేదు. మాల మాదిగ భేదమును, అగ్రవర్ణములనుండి వచ్చినవారి ప్రత్యేకతయు ననేక స్థలముల నేటికిని గలవు. 1895లో వినుకొండలో బుట్టిన గుర్రము జాషువ క్రైస్తవుడయ్యును అంటరానివాడుగ నవమానములు పడెను. 1941లో వెలువడిన “గబ్బిలము”న నాతడు తన మొరను కాశీ విశ్వనాథునికి గబ్బిలముచేత బంపవలసివచ్చెను. అదే కవి పిదప “క్రీస్తు చరిత్ర”ను రచించి 1964లో సాహిత్య అకాడమీ బహుమానము నందెను. ఏ దేవాలయపు ద్వారమును దనకు సులభముగ దెరువబడకున్నను క్రీస్తుతోడి చుట్టరికమును విడువని మనస్సు అది. మరియొక దోషమును జెప్పవలెను. మేడలపై కూడు ప్రార్థనలలో గొన్ని, ఉద్యోగము, వీసా, ఇల్లు: వీనికై దేవునితో జేయు బేరములై పోవుచున్నవి. అట్టి చోట ప్రార్థనాగృహమును ప్రక్కగదిలోని కోచింగు కేంద్రమే యగును. దైవము దానికి గొప్ప యధ్యాపకు డగును. నేనేమగుదును అను పాత ప్రశ్నయే యచటను గ్రొత్తవస్త్రములు గట్టుకొన్నది. విశ్వాసమునకు గురుతు అడిగినది దొరకుట గాదు. అడుగు ప్రశ్నయే మారుట.

మన పూర్వులు ఈ బోధ నెరుగనివారు గారు. రాజా రామమోహనరాయలు 1820లో యేసు నీతిబోధలను మాత్రమే యేర్చి గ్రంథముగ బ్రకటించిరి. బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో విలియము మిల్లరుగారి శిష్యులై, ఆ గురుభక్తిని జీవితాంతము విడువక, కాకినాడ కళాశాలలో పంచమ విద్యార్థులకు ద్వారములు దెరచి, అనాథబాలకులకు తండ్రియైరి. వారు మతము మార్చుకొనలేదు; బోధను మాత్రము ఆచరణమున బెట్టిరి. తరువాతి వారమగు మనము ఆ బోధను గ్రంథములందు భద్రపరచి, సభలయందు ప్రశంసించి, దానికి చెల్లింపవలసిన మూల్యమును మాత్రము ఒక నిరుపేద విద్యార్థికి వదలివేసితిమి. క్రీస్తును మెచ్చుకొనుటకు మనకు ఖర్చేమియు లేదు. ఆయనను వెంబడించినందుకు వానికి ఉద్యోగమే పోవచ్చును.

యెరికో బాట మనకు దూరమున లేదు. 2013 ఫిబ్రవరి 21వ తేదీ సాయంకాలమున ఇదే దిల్‌సుఖ్‌నగరు మార్గమున, జనులు క్రిక్కిరిసియున్న వేళ, రెండు బాంబులు ప్రేలినవి. 17 మందికి తక్కువ గాక మరణించిరి. నూరుమందికి పైగా గాయపడిరి. దోషులకు 2016లో న్యాయస్థానము మరణదండన విధించెను. 2025లో హైకోర్టు దానిని స్థిరపరచెను. అది న్యాయస్థానముల పని. కాని ఆ సాయంకాలమున, న్యాయస్థానములు మేల్కొనక పూర్వమే, గాయపడినవారిని చేతులతో మోసి, దొరకిన ఆటోలలో నెక్కించి ఆసుపత్రులకు జేర్చిన బాటసారులు కొందరు గలరు. రక్తము గారుచున్నవాని మతమేదని, వర్గమేదని యడుగుటకు నట్టివేళ వ్యవధి యుండదు. ఆ ఘడియలో వారు ఆ గాయపడినవారికి ఏమైరో యది వారు జీవితమున సంపాదించిన బిరుదము లన్నిటికంటెను గొప్పది.

ఆ మార్గముననే మరికొంత ముందునకు బోయినచో, ఎల్. బి. నగరునకు ముందు స్టేషనుకు విక్టోరియా మెమోరియలు అని పేరు గలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కాలమున, విక్టోరియా రాణి స్మరణార్థము, 20వ శతాబ్ది తొలియేండ్లలో సరూరునగరున వెలసిన అనాథాశ్రమము వలన వచ్చిన పేరది. మహమ్మదీయ ప్రభువు, క్రైస్తవ రాణి పేర, దిక్కులేని పిల్లలకొరకు నిలిపిన యిల్లు! దినమునకు వేలమంది ఆ స్టేషను పేరును వినుచు బోవుచున్నారు. ఆ పిల్లలు మనకేమగుదురని యెందరము తలచుచున్నాము?

ఆ యువకుని సంగతి ముగింపవలసియున్నది. నా సలహాను వినయముతో విని, దాని ననుసరింపక, “సి” వర్గపు ధ్రువపత్రమును సంపాదించి దానితోనే దరఖాస్తు పంపెను. ఆ పత్రమునకై కార్యాలయములకు దిరుగుటలో మాత్రము నేను తోడ్పడితిని. నా మొదటి సలహాకు ప్రాయశ్చిత్తముగ నంతమాత్రమే చేయగలిగితిని. ఆ యేట నాతనికి ఉద్యోగము రాలేదు. కథలందువలె సత్యమునకు వెంటనే బహుమానము లభించెనని చెప్పినచో మీకును నాతనికిని ద్రోహము చేసినవాడ నగుదును. ఇప్పు డాతడొక చిన్న పాఠశాలలో గణితము చెప్పుచు, పరీక్షలకు మరల జదువుచున్నాడు. సాయంకాలమున మేడపై పిల్లలకు పాఠములు సాగుచునే యున్నవి. ఒకనాడు నేను పోయి చూచితిని. నన్ను జూచి యొక బాలిక యాతనితో “ఈయన మీకేమవుతాడు సారూ?” అని యడిగెను. ఆతడు నావైపు చూచి నవ్వి యూరకుండెను. ప్రత్యుత్తరము చెప్పవలసినది తాను గాదని యెరుగును గాబోలు.

సోదరులారా, మీరు మతము మార్చుకొనుడని చెప్పుటకు నేను రాలేదు. మీరు చేయదగిన పనులు మూడు గలవు. మీ యింట జదువుకొను పిల్లలను ఏమగుదురని యడిగిన ప్రతిమారును, ఎవరికేమగుదురని గూడ నడుగుడు. మీకు న్యాయజ్ఞానమో, పలుకుబడియో యున్నచో, మనస్సాక్షి ననుసరించినందుకు నష్టపడు పేదవానికి దానిని ధారపోయుడు; కులబాధ నిలిచియున్నంత కాలము మతమును సాకుగ జేసి దాని పరిహారమును తొలగింపరాదని నిర్భయముగ బలుకుడు. మూడవది, వారమున కొక్క గంటయైనను, మీకు బంధుత్వము లేని యొకరి యక్కరలో మీ విద్యను వినియోగించి చూడుడు. జీవితమునకు అర్థమేమను ప్రశ్న ఆ గంటలో మిమ్ము బాధింపదని నేను పూచీ పడుచున్నాను.

పరమపితా, మేము దారిప్రక్కగా దొలగిపోయిన దినములను క్షమింపుము. మేమెవ్వరమని గర్వముతోడను, మేమేమగుదుమని భయముతోడను గడపితిమి. పడియున్నవాని యెదుట మమ్ము నిలువబెట్టి, మేము వానికేమగుదుమో మా చేతులచేత జెప్పింపుము. సత్యము పలికి నష్టపడినవారికి మమ్ము తోడుగ జేయుము. తథాస్తు.